మ్యాట్‌ప్లాట్‌లిబ్ గ్రాఫుల రూపం ఒక్క ఫైల్లో పెట్టుకోవడం ఎలా

పైథాన్‌లో గ్రాఫులు గీసేవాళ్ల కోడ్ ఎవరిది తెరిచినా ఒక తోక కనిపిస్తుంది. గీత గీసేది ఒక్క లైనే, దాని కింద మాత్రం ఫాంట్ సైజు, గీత మందం, గ్రిడ్, లెజెండ్ చుట్టూ డబ్బా తీసేయడం, పైనా కుడిపక్కా గీతలు తీసేయడం అంటూ చాంతాడంత అలంకారం. ఆ తోకని పాత ఫైల్లోంచి కాపీ కొట్టి కొత్త ఫైల్లో పేస్ట్ చేస్తాం. రిపోర్టులో పది గ్రాఫులుంటే పది తోకలు. గైడు చూసి "అక్షరాలు కొంచెం పెద్దవి చెయ్యమ్మా" అన్నారంటే పది చోట్లా మార్చాలి, ఏదో ఒక చోట మర్చిపోతాం, ఆ ఒక్క గ్రాఫు బైండింగ్ అయిపోయాక కనిపిస్తుంది.

విజయనగరం, రాజాం, ఎచ్చెర్ల, శ్రీకాకుళం కాలేజీల పిల్లల ప్రాజెక్ట్ రిపోర్టులు చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది. చేసిన పని బాగుంటుంది, డేటా కష్టపడి తెచ్చుకుంటారు, గ్రాఫులు మాత్రం ఒకదానికొకటి పొంతన లేకుండా, అక్షరాలు చీమల్లా, రంగులు జిరాక్స్‌లో కలిసిపోయి ఉంటాయి. దీనికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. గ్రాఫు ఏం చెబుతోందో అది కోడ్‌లో ఉండాలి, ఎలా కనిపించాలో అది విడిగా ఒక ఫైల్లో ఉండాలి. పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ దీనికి చాలాకాలం నుంచే దారి పెట్టింది, మనవాళ్లలో వాడేవాళ్లే తక్కువ.

ఒక మాట ముందే చెప్పేస్తాను. సెట్టింగుల పేర్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే, చుక్కలూ అండర్‌స్కోర్లూ నేను పెట్టిన చోటే పెట్టి కొట్టాలి. స్పెల్లింగ్ మీద అనుమానం వస్తే పీఎల్‌టీ.ఆర్‌సీపారమ్స్ అని ప్రింట్ చేయండి (పీఎల్‌టీ అంటే ఇంపోర్ట్ చేసేటప్పుడు మ్యాట్‌ప్లాట్‌లిబ్.పైప్లాట్‌కి పెట్టుకునే పొట్టి పేరు), ఉన్న పేర్లన్నీ అక్షర క్రమంలో వస్తాయి. మూడు వందలకు పైనే ఉంటాయి కాబట్టి మొత్తం చదవక్కర్లేదు, దానికే ఫైండ్_ఆల్ అనే ఫంక్షన్ ఉంది, బ్రాకెట్లో 'గ్రిడ్' అని ఇస్తే గ్రిడ్‌కి సంబంధించినవి మాత్రమే చూపిస్తుంది.

అసలు ఈ డిఫాల్ట్‌లు, అంటే మనం ఏమీ చెప్పకపోతే వచ్చే సెట్టింగులు, ఎక్కడివి

మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ని 2003లో జాన్ హంటర్ బయటికి తెచ్చాడు. ఆయన న్యూరోబయాలజీ మనిషి, మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో చేసే పని పైథాన్‌లో కావాలని రాసుకున్నాడు, అందుకే మొదటి రూపం మ్యాట్‌ల్యాబ్‌కి దగ్గరగా ఉండేది. 2017లో వచ్చిన 2.0 వెర్షన్‌లో ఆ రూపం చాలా మార్చేశారు. కణకణలాడే నీలం, ఆకుపచ్చ, ఎరుపు పోయి ఇప్పుడు మనం చూసే మెత్తటి పది రంగులు వచ్చాయి, హీట్‌మ్యాప్‌లకి వాడే రంగుల వరుసల్లో ఇంద్రధనుస్సులా ఉండే జెట్ పోయి విరిడిస్ వచ్చింది, గీత మందం 1 నుంచి 1.5 అయింది, బొమ్మ సైజు 6.4 అంగుళాలకి 4.8 అంగుళాలు అయింది. పాత యూట్యూబ్ వీడియోలో గ్రాఫు ఒకలా, మీ దగ్గర ఇంకోలా వస్తే మీరేదో తప్పు చేశారని కంగారు పడకండి, ఆ వీడియో 2017కి ముందుదై ఉండొచ్చు. ఆ పాత రూపమే కావాలంటే 'క్లాసిక్' అనే స్టైల్ ఇప్పటికీ ఉంది.

ముందు ఆర్‌సీపారమ్స్

ఈ డిఫాల్ట్‌లన్నీ ఆర్‌సీపారమ్స్ అనే ఒక డిక్షనరీలో కూర్చుంటాయి. మార్చాలంటే మామూలు డిక్షనరీని మార్చినట్టే:

పీఎల్‌టీ.ఆర్‌సీపారమ్స్['ఫాంట్.సైజ్'] = 11

ఇది రాసిన క్షణం నుంచి ఆ సెషన్‌లో గీసే ప్రతి గ్రాఫులోనూ మామూలు అక్షరాలు 11 పాయింట్లే. ఇక్కడ చాలామంది తడబడేది వరుస దగ్గర. ఫిగర్ (మొత్తం బొమ్మ), యాక్సీస్ (అందులో గ్రాఫు గీసే చోటు) తయారయ్యేటప్పుడు ఈ డిక్షనరీలో ఏముంటే అది తీసుకుంటాయి. వాటిని తయారుచేసే సబ్‌ప్లాట్స్ పిలిచేసి, గీతలు గీసేసి, చివర్లో ఆర్‌సీపారమ్స్ మారిస్తే ఆ గ్రాఫులో దాదాపు ఏమీ మారదు, తర్వాతి గ్రాఫులో మారుతుంది. కాబట్టి ఇంపోర్ట్ లైన్ల కిందే, ఏ గ్రాఫూ మొదలవకముందే సెట్టింగులు అయిపోవాలి.

రెండో సంగతి, గీత గీసేటప్పుడు బ్రాకెట్లో మీరు చేత్తో ఇచ్చిన రంగు, మందం ఎప్పుడూ ఈ డిఫాల్ట్‌ని మించిపోతాయి. అంటే పాత తోక అలాగే ఉంచి కొత్త స్టైల్ పెడితే గెలిచేది తోకే. "స్టైల్ పెట్టాను, ఏమీ మారలేదు" అని ఎవరైనా అంటే నేను మొదట వెతికేది అదే.

పేరు తప్పు కొడితే ఆర్‌సీపారమ్స్ వెంటనే కీఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది, అది మంచిదే. మొత్తం చిందరవందర అయితే పీఎల్‌టీ.ఆర్‌సీడిఫాల్ట్స్ పిలిస్తే మొదటికి వచ్చేస్తుంది. ఒక్క గ్రాఫుకి మాత్రమే మార్పు కావాలంటే విత్ పీఎల్‌టీ.ఆర్‌సీ_కాంటెక్స్ట్ అని బ్లాక్ పెట్టి దాని లోపల గీయండి, బ్లాక్ దాటగానే పాత విలువలు వాటంతట అవే వెనక్కి వస్తాయి.

ఇక అసలు పని, స్టైల్ ఫైల్

ఆర్‌సీపారమ్స్ లైన్లు ప్రతి స్క్రిప్టులో రాసుకుంటూ పోతే మళ్లీ తోకే అవుతుంది, కాకపోతే కింద ఉండాల్సింది పైకి వస్తుంది. అందుకని వాటిని ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టి, పేరు చివర ఎంపీఎల్‌స్టైల్ అనే ఎక్స్‌టెన్షన్ ఇవ్వండి. మన ఫైల్ పేరు రిపోర్ట్.ఎంపీఎల్‌స్టైల్ అనుకుందాం. విండోస్ నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేవాళ్లు జాగ్రత్త, అది చెప్పాపెట్టకుండా చివర టీఎక్స్‌టీ తగిలిస్తుంది, ఫోల్డర్లో చూస్తే కనపడదు కూడా. సేవ్ చేసేటప్పుడు "ఆల్ ఫైల్స్" ఎంచుకోవాలి.

లోపల ఇలా రాయండి. కొటేషన్లు అక్కర్లేదు, పేరు, కోలన్, విలువ, అంతే.

ఫిగర్.ఫిగ్‌సైజ్ : 6.2, 3.8
ఫిగర్.డీపీఐ : 110
ఫిగర్.కన్‌స్ట్రెయిన్డ్_లేఅవుట్.యూజ్ : ట్రూ
సేవ్‌ఫిగ్.డీపీఐ : 300
ఫాంట్.సైజ్ : 10
యాక్సీస్.టైటిల్‌సైజ్ : 11
యాక్సీస్.టైటిల్‌వెయిట్ : బోల్డ్
యాక్సీస్.టైటిల్‌లొకేషన్ : లెఫ్ట్
యాక్సీస్.స్పైన్స్.టాప్ : ఫాల్స్
యాక్సీస్.స్పైన్స్.రైట్ : ఫాల్స్
యాక్సీస్.గ్రిడ్ : ట్రూ
యాక్సీస్.గ్రిడ్.యాక్సిస్ : వై
యాక్సీస్.యాక్సిస్‌బిలో : ట్రూ
గ్రిడ్.కలర్ : లైట్‌గ్రే
గ్రిడ్.లైన్‌విడ్త్ : 0.6
లైన్స్.లైన్‌విడ్త్ : 1.8
లెజెండ్.ఫ్రేమ్‌ఆన్ : ఫాల్స్
యాక్సీస్.ఫార్మాటర్.లిమిట్స్ : -5, 12
యాక్సీస్.ఫార్మాటర్.యూజ్‌ఆఫ్‌సెట్ : ఫాల్స్

ఈ ఫైల్ని స్క్రిప్టు ఉన్న ఫోల్డర్లోనే పెట్టి, ఆ ఫోల్డర్లోనే స్క్రిప్టు రన్ చేస్తూ, పీఎల్‌టీ.స్టైల్.యూజ్ అని బ్రాకెట్లో ఫైల్ పేరు ఎక్స్‌టెన్షన్‌తో సహా ఇవ్వొచ్చు. లేదంటే మ్యాట్‌ప్లాట్‌లిబ్.గెట్_కాన్ఫిగ్‌డిర్ పిలిస్తే ఒక ఫోల్డర్ దారి చెబుతుంది, అందులో స్టైల్‌లిబ్ అనే ఫోల్డర్ చేసి దాంట్లో పెడితే ఏ స్క్రిప్టులోంచైనా ఉత్త 'రిపోర్ట్' అనే పేరుతో పిలవొచ్చు. పైథాన్ నడుస్తుండగా కొత్తగా పెట్టిన ఫైల్ని అది వెంటనే గుర్తించదు, పీఎల్‌టీ.స్టైల్.రీలోడ్_లైబ్రరీ పిలవాలి లేదా కెర్నల్ (నోట్‌బుక్ వెనక నడిచే పైథాన్) రీస్టార్ట్ చేయాలి. నలుగురు కలిసి చేసే ప్రాజెక్ట్ అయితే నా ఓటు మొదటి పద్ధతికే. స్టైల్ ఫైల్ కూడా కోడ్‌తో పాటే పెన్‌డ్రైవ్‌లో ప్రయాణం చేస్తుంది, ఎవరి లాప్‌టాప్‌లో గీసినా ఒకేలా వస్తుంది.

ఇదంతా ఆటోమేటిక్‌గా జరగాలంటే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ఆర్‌సీ అనే పేరుతో, ఎక్స్‌టెన్షన్ లేకుండా ఇంకో రకం ఫైల్ ఉంది. దాన్ని పిలవక్కర్లేదు, ఇంపోర్ట్ చేయగానే చదివేస్తుంది. ముందు మీరున్న ఫోల్డర్లో వెతుకుతుంది, తర్వాత అదే పేరుతో ఉన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూస్తుంది, తర్వాత మీ కాన్ఫిగ్ ఫోల్డర్, ఏదీ లేకపోతే ఇన్‌స్టలేషన్‌తో వచ్చిన సొంత ఫైల్. ఏది చదివిందో మ్యాట్‌ప్లాట్‌లిబ్_ఎఫ్‌నేమ్ చెబుతుంది. నాకైతే రూపానికి ఇది నచ్చదు. మీ మెషీన్‌లో గ్రాఫు చక్కగా ఉంటుంది, అదే కోడ్ స్నేహితుడికి పంపితే అక్కడ ఇంకోలా వస్తుంది, ఎందుకో ఇద్దరికీ అర్థం కాదు. స్టైల్.యూజ్ అన్న ఒక్క లైను కోడ్‌లో కళ్లకి కనపడుతుంటే ఆ గొడవ ఉండదు. బ్యాకెండ్ (బొమ్మని నిజంగా గీసే భాగం), టైమ్‌జోన్ లాంటివి మాత్రం స్టైల్ ఫైల్లో పెట్టినా పట్టించుకోదు, వాటికి ఆర్‌సీ ఫైలే వాడాలి. ఇన్‌స్టలేషన్‌లో ఉన్న ఫైల్ని మాత్రం ఎప్పుడూ ముట్టుకోకండి, అప్‌గ్రేడ్ చేసిన రోజున మీరు రాసిందంతా పోతుంది.

స్టైల్ ఫైల్లో పేరు తప్పు కొడితే ప్రోగ్రామ్ ఆగదు. "బ్యాడ్ కీ" అని ఒక వార్నింగ్ వేసి ముందుకు పోతుంది, ఎర్ర అక్షరాలు కనపడగానే స్క్రోల్ చేసేసే అలవాటు ఉన్నవాళ్లు ఇది చూడరు.

అక్షరాల సైజు ఫాంట్‌లో లేదు, అంగుళాల్లో ఉంది

ఈ ఒక్క విషయం పట్టుకుంటే సగం రిపోర్టులు బాగుపడతాయి. ఏ4 కాగితం వెడల్పు 8.27 అంగుళాలు. రెండు పక్కలా అంగుళం చొప్పున మార్జిన్ వదిలితే మిగిలేది 6.27. మీరు ఫిగ్‌సైజ్ 12, 8 అని పెట్టి, దాన్ని వర్డ్‌లో పేస్ట్ చేస్తే వర్డ్ దాన్ని పేజీకి సరిపడా కుదిస్తుంది, అంటే దాదాపు సగానికి. 10 పాయింట్ల అక్షరం 5.2 పాయింట్లు అవుతుంది. అప్పుడు "అక్షరాలు చిన్నగా ఉన్నాయి" అని ఫాంట్ 18 చేస్తాం, గీతలు సన్నగా ఉన్నాయని మందం పెంచుతాం, మార్కర్లు పెంచుతాం, ఇలా ఒక్కొక్కటీ తరుముకుంటూ పోతాం. అసలు జబ్బు ఒక్కటే, బొమ్మ పెద్దగా గీసి కుదించడం. కాగితం మీద ఎంత వెడల్పు పడుతుందో అంతే ఫిగ్‌సైజ్ ఇవ్వండి. 6.2 అని పైన పెట్టింది అందుకే. అప్పుడు ఫాంట్ 10 అంటే కాగితం మీద నిజంగా 10, పక్కనున్న వాక్యాల సైజుకి దగ్గరగా కుదురుతుంది.

ఇదే కారణంగా సేవ్‌ఫిగ్.బీబాక్స్‌ని టైట్ చేయమని చాలాచోట్ల ఇచ్చే సలహా స్టైల్ ఫైల్లో నేను పెట్టను. అది చుట్టూ ఖాళీ కత్తిరించి బొమ్మ సైజునే మార్చేస్తుంది, ఒక్కో గ్రాఫూ ఒక్కో వెడల్పుతో వస్తుంది, వర్డ్‌లో మళ్లీ ఒక్కొక్కటీ ఒక్కోలా సాగుతుంది. కన్‌స్ట్రెయిన్డ్ లేఅవుట్ అలా కాదు, ఇచ్చిన సైజులోనే అక్షరాలకి చోటు సర్దుతుంది, లేబుళ్లు తెగవు.

జిరాక్స్‌లో బతికే రంగులు

మన దగ్గర రిపోర్ట్ అంటే చివరికి చేరేది కాంప్లెక్స్ దగ్గర జిరాక్స్ షాపుకే. కలర్ ప్రింట్ ఒక కాపీ తీసి, మిగతావి బ్లాక్ అండ్ వైట్‌లో లాగించి స్పైరల్ బైండింగ్ చేయిస్తారు. అక్కడ ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూడండి.

వంశధారకి గొట్టా బ్యారేజీ దగ్గర వచ్చిన ప్రవాహం, నాగావళికి తోటపల్లి దగ్గర వచ్చిన ప్రవాహం ఒకే గ్రాఫులో రెండు గీతలుగా వేశారనుకుందాం. రెండు నదులూ ఒడిశా కొండల్లోంచి దిగేవే, పైన వాన పడితే రెండూ దాదాపు కలిసే లేస్తాయి, కాబట్టి గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ ఉంటాయి. ఒకటి టీల్ రంగు, ఒకటి క్రిమ్సన్. తెర మీద ఒకటి ముదురు పచ్చ, ఒకటి ఎరుపు, ఎవరికైనా తేడా తెలుస్తుంది. అదే బ్లాక్ అండ్ వైట్‌కి మార్చే మామూలు లెక్క కడితే, అంటే ఎరుపులో 0.299 వంతు, పచ్చలో 0.587, నీలంలో 0.114 కలిపితే, 255కి టీల్ 90 దగ్గర, క్రిమ్సన్ 84 దగ్గర పడతాయి. కాగితం మీద రెండూ ఒకటే బూడిద రంగు. ఏది వంశధారో ఏది నాగావళో గీసిన మనిషి కూడా చెప్పలేడు.

అందుకే స్టైల్ ఫైల్లో ఈ లైను తప్పకుండా చేర్చండి, మధ్యలో విరగ్గొట్టకుండా ఒకే లైన్లో:

యాక్సీస్.ప్రాప్_సైకిల్ : సైక్లర్('కలర్', ['నేవీ', 'డార్క్‌ఆరెంజ్', 'టీల్', 'క్రిమ్సన్']) + సైక్లర్('లైన్‌స్టైల్', ['సాలిడ్', 'డ్యాష్డ్', 'డ్యాష్‌డాట్', 'డాటెడ్'])

ఇందులో ప్లస్ గుర్తు రెండు జాబితాల్నీ జంటలుగా కడుతుంది, మొదటి గీత నేవీ నిండు గీత, రెండోది నారింజ ముక్కల గీత, అలా. రెండు జాబితాల్లోనూ లెక్క సమానంగా లేకపోతే తీసుకోదు. నేవీ అదే లెక్కలో 15 దగ్గర, డార్క్‌ఆరెంజ్ 158 దగ్గర ఉంటాయి, కాబట్టి రెండు గీతలే ఉన్న గ్రాఫులో మొదటి రెండు రంగులు జిరాక్స్‌లో కూడా విడిగానే ఉంటాయి. మూడూ నాలుగూ వచ్చేసరికి రంగు చాలదు, గీత రకమే కాపాడుతుంది. పైగా ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియని చూపు ఉన్నవాళ్లు ప్రతి క్లాసులోనూ ఒకరిద్దరు ఉండొచ్చు, వాళ్లకీ ఇదే దిక్కు.

పేర్లకి బదులు హెక్స్ కోడ్ రంగులు వాడితే ముందుండే హ్యాష్ గుర్తు పెట్టకండి. ఈ ఫైల్లో హ్యాష్ అంటే కామెంట్, అక్కడినుంచి లైను మొత్తం మాయమైపోతుంది. ఆరు అక్షరాలూ అంకెలూ నేరుగా రాసేయండి.

బార్లకి మాత్రం ఈ కిటుకు పనిచేయదు, బార్లు సైకిల్‌లోంచి రంగు ఒక్కటే తీసుకుంటాయి. వాటికి హ్యాచ్ అనే చారలు కోడ్‌లోనే ఇవ్వాలి. మ్యాపులకి, హీట్‌మ్యాప్‌లకి ఇమేజ్.సీమ్యాప్ సెట్టింగు ఉంది, డిఫాల్ట్‌గా వచ్చే విరిడిస్ ముదురు నుంచి లేతకి ఒకే దిశలో పోతుంది కాబట్టి బ్లాక్ అండ్ వైట్‌లోనూ నిలబడుతుంది. మండలాల వారీ వర్షపాతం మ్యాపుకైతే నేను బ్లూస్ పెడతాను. జెట్ జోలికి వెళ్లకండి.

ఇంకో చిన్న విషయం, పైన యాక్సిస్‌బిలో ట్రూ అని పెట్టాం. అది లేకపోతే గ్రిడ్ గీతలు బార్ల మీదుగా అడ్డంగా పోతాయి, బార్లు కోసినట్టు కనిపిస్తాయి.

లక్షల్లో కామాలు

2011 జనాభా లెక్కల్లో అప్పటి సరిహద్దులతో శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114, విజయనగరం జిల్లా 23,44,474. ఈ రెండు అంకెలతో ఉత్త డిఫాల్ట్‌తో బార్ చార్ట్ వేసి చూడండి. పక్కన 0.5, 1.0, 1.5 అని వస్తుంది, పైన మూలలో "వన్ ఈ సిక్స్" అని చిన్నగా ఉంటుంది. ఎంపీడీవో ఆఫీసులో ఆ కాగితం పట్టుకున్న మనిషికి అది ఏం అర్థమవుతుంది? డిఫాల్ట్‌లో విలువ పది లక్షలు చేరగానే మ్యాట్‌ప్లాట్‌లిబ్ సైంటిఫిక్ రాతలోకి వెళ్లిపోతుంది, పైన లిమిట్స్‌లో 12 అని పెట్టింది దాన్ని ఆపడానికే.

కామాలు కూడా మన పద్ధతిలో రావాలంటే యాక్సీస్.ఫార్మాటర్.యూజ్_లొకేల్ ట్రూ చేసి, కోడ్ మొదట్లో లొకేల్ (ఏ దేశం పద్ధతిలో అంకెలు రాయాలో చెప్పేది) మాడ్యూల్ ఇంపోర్ట్ చేసుకుని సెట్‌లొకేల్‌తో ఇండియా ఇంగ్లీష్ లొకేల్ పెట్టండి. లినక్స్‌లో అయితే ఆ లొకేల్ సిస్టమ్‌లో ఉండాలి, లేకపోతే ఎర్రర్ ఇస్తుంది. అంతా కుదిరితే అక్షం మీద 5,00,000, 10,00,000, 15,00,000 అని చక్కగా వస్తాయి. కుదరకపోతే అక్షం మీద అంకెల్ని మన ఫంక్షన్‌తో మార్చే ఫంక్‌ఫార్మాటర్‌తో లక్షకి భాగించి "లక్షల్లో" అని లేబుల్ రాయడం ఇంకా తేలిక, నిజానికి చదివేవాళ్లకి అదే హాయి.

గ్రాఫులో తెలుగు

డిఫాల్ట్ ఫాంట్ డెజావూ సాన్స్. అందులో తెలుగు అక్షరాలు లేవు, కాబట్టి తెలుగులో టైటిల్ పెడితే డబ్బాలు వస్తాయి, పక్కన "గ్లిఫ్ మిస్సింగ్" అని వార్నింగు. మొదటి మందు ఫాంట్. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. నోటో దింపుకుంటే జిప్‌లో వేరియబుల్ ఫాంట్ ఫైల్ కాకుండా స్టాటిక్ ఫోల్డర్లో ఉన్న రెగ్యులర్, బోల్డ్ వాడండి. తర్వాత స్టైల్ ఫైల్లో:

ఫాంట్.ఫ్యామిలీ : నోటో సాన్స్ తెలుగు, డెజావూ సాన్స్

3.6 వెర్షన్ నుంచి ఒక ఫాంట్‌లో లేని అక్షరం తర్వాతి ఫాంట్‌లో వెతుక్కుంటుంది, అందుకే రెండూ రాశాం. ఇన్‌స్టాల్ చేశాక కూడా ఫాంట్ దొరకలేదని మొండికేస్తే, గెట్_క్యాష్‌డిర్ చెప్పే ఫోల్డర్లో ఫాంట్‌లిస్ట్ అని మొదలయ్యే ఫైల్ని తీసేసి కెర్నల్ మళ్లీ మొదలుపెట్టండి. కాలేజీ ల్యాబ్‌లో ఇన్‌స్టాల్ చేసే పర్మిషన్ లేకపోతే ఫాంట్ ఫైల్ని ప్రాజెక్ట్ ఫోల్డర్లోనే ఉంచి ఫాంట్ మేనేజర్‌లోని యాడ్‌ఫాంట్‌తో దారి ఇచ్చేయొచ్చు.

ఇంతవరకూ చేసి "శ్రీకాకుళం" అని టైటిల్ పెట్టి చూడండి. సరిగ్గా వస్తే ఈ భాగం దాటేయండి. చాలామంది దగ్గరున్న వెర్షన్లలో మాత్రం మొదటి అక్షరమే విరిగిపోతుంది. శ విడిగా, పొల్లు విడిగా, ర కింద వత్తుగా చేరకుండా పక్కన నిలబడి, దాని మీద గుడి దీర్ఘం ఇంకెక్కడో. "వరద" అని పెడితే బాగానే వస్తుంది, ఎందుకంటే అందులో గుణింతమూ లేదు, ఒత్తూ లేదు. తెలుగు అక్షరాలు పక్కపక్కన పెట్టేస్తే చాలదు, ఒకదాంట్లో ఒకటి అమరాలి, ఆ అమరిక చేసే భాగం ఆ వెర్షన్లలో లేదు. ఇది ఫాంట్ లోపం కాదు, ఫాంట్లు మార్చుకుంటూ రాత్రంతా కూర్చోకండి.

దీనికి నమ్మకమైన దారి ఎస్‌వీజీ అనే బొమ్మ ఫైల్ రకం. స్టైల్ ఫైల్లో ఎస్‌వీజీ.ఫాంట్‌టైప్ : నన్ అని పెట్టి, సేవ్‌ఫిగ్‌లో ఎస్‌వీజీగా సేవ్ చేయండి. అప్పుడు మ్యాట్‌ప్లాట్‌లిబ్ అక్షరాల్ని బొమ్మలుగా గీయకుండా అక్షరాలుగానే ఫైల్లో రాసి వదిలేస్తుంది, ఆ ఫైల్ని క్రోమ్‌లో తెరిస్తే క్రోమ్ వాటిని సరిగ్గా అమరుస్తుంది, శ్రీకాకుళం శ్రీకాకుళంలాగే కనిపిస్తుంది. అక్కడినుంచి ప్రింట్ కొట్టి పీడీఎఫ్ చేసుకోవచ్చు, ఇంక్‌స్కేప్‌లో తెరిచి పీఎన్‌జీ చేసుకోవచ్చు. తెరిచే మెషీన్‌లో ఆ తెలుగు ఫాంట్ ఉండాలి, అంతే షరతు. ఎంపీఎల్‌కైరో అనే వేరే బ్యాకెండ్ కూడా ఉంది, తెలుగుని సరిగ్గా అమర్చగలదు, కానీ ఇన్‌స్టలేషన్ కొత్తవాళ్లకి టెన్షన్ పెడుతుంది.

ఒకటికి రెండు స్టైళ్లు

రిపోర్టుకి సరిపోయేది ఫోన్‌కి సరిపోదు. వాట్సాప్ గ్రూపులో పెట్టే గ్రాఫుని అరచేతి వెడల్పు తెర మీద చూస్తారు, కలెక్టరేట్ మీటింగులో ప్రొజెక్టర్ మీద వేస్తే లేత రంగులన్నీ గోడలో కలిసిపోతాయి. దీనికి మొత్తం ఫైల్ మళ్లీ రాయక్కర్లేదు. ఫోన్ అని ఇంకో స్టైల్ ఫైల్ చేసి అందులో మారేవి మాత్రమే పెట్టండి: ఫిగ్‌సైజ్ 4, 4, ఫాంట్ 11, గీత మందం 2.5, గ్రిడ్ కలర్ సిల్వర్. పిలిచేటప్పుడు జాబితాగా పిలవండి (ఫైళ్లు స్టైల్‌లిబ్‌లో కాకుండా స్క్రిప్టు ఫోల్డర్లో ఉంటే మీ రెండు పేర్లకీ ఎక్స్‌టెన్షన్ కూడా రాయాలి):

పీఎల్‌టీ.స్టైల్.యూజ్(['డిఫాల్ట్', 'రిపోర్ట్', 'ఫోన్'])

తర్వాతది ముందుదాని మీద పడుతుంది. ముందర 'డిఫాల్ట్' ఎందుకంటే, స్టైల్.యూజ్ పాతదాన్ని తుడవదు, దాని మీద పూస్తుంది. నోట్‌బుక్‌లో పొద్దున ఒక స్టైల్, మధ్యాహ్నం ఒక స్టైల్ వాడితే రెండూ కలిసిన వింత రూపం తయారవుతుంది. డిఫాల్ట్ ముందుంటే ప్రతిసారీ శుభ్రంగా మొదలవుతుంది.

మ్యాట్‌ప్లాట్‌లిబ్ మీద కట్టిన సీబోర్న్ లైబ్రరీ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక, సెట్_థీమ్ అనే ఫంక్షన్ ఇదే ఆర్‌సీపారమ్స్‌ని మార్చేస్తుంది. మీ స్టైల్ పెట్టాక దాన్ని పిలిస్తే మీరు పెట్టినవాటిలో చాలా వరకు పోతాయి, కాబట్టి అది ముందు, మీది తర్వాత. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో పాటే వచ్చే సీబోర్న్ స్టైళ్ల పేర్లు కూడా 3.6లో మారాయి, మధ్యలో వీ0_8 అని చేరింది. పాత పుస్తకంలో ఉన్న సీబోర్న్-వైట్‌గ్రిడ్ ఇప్పుడు దొరకలేదని ఎర్రర్ ఇస్తుంది. డేటా పట్టికల లైబ్రరీ పాండాస్‌లో డాట్ ప్లాట్ అని గీసేవి కూడా లోపల మ్యాట్‌ప్లాట్‌లిబ్‌వే కాబట్టి మీ స్టైల్ వాటికీ వర్తిస్తుంది. జూపిటర్‌లో ఇంకో తిరకాసు ఉంది, నోట్‌బుక్‌లో కనిపించే బొమ్మని అది తనంతట తానే టైట్‌గా కత్తిరించి చూపిస్తుంది, అందుకే తెర మీద చూసి సైజు నిర్ణయించకండి, సేవ్‌ఫిగ్‌తో వచ్చిన ఫైల్ తెరిచి చూడండి.

ఏది ఫైల్లో, ఏది కోడ్‌లో

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ నెల ప్రవాహం గ్రాఫులో ఆ తేదీ దగ్గర నిలువు గీత గీసి "తిత్లీ" అని రాయడం కోడ్‌లో ఉండాల్సిన పని, అది ఆ గ్రాఫు చెప్పే విషయం. ఆ గీత పక్కన అక్షరం ఎంత సైజులో ఉండాలన్నది ఫైల్లోది. లేబుళ్లు, యూనిట్లు, ఫలానా బార్‌కి కావాలని ఇచ్చిన వేరే రంగు, అక్షం ఎక్కడ మొదలవ్వాలి, ఇవన్నీ కోడ్‌లోనే. క్యూసెక్కులు అని రాయడం ఏ స్టైల్ ఫైలూ మీ బదులు చేయదు, యూనిట్ లేని గ్రాఫు ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

స్టైల్ ఫైల్ పక్కనే ఒక చిన్న పరీక్ష స్క్రిప్టు కూడా పెట్టుకోండి. అందులో నాలుగు గీతల గ్రాఫు ఒకటి, లక్షల్లో విలువలున్న బార్ చార్ట్ ఒకటి, తెలుగు టైటిల్ ఒకటి, లెజెండు, ఒక పొడుగాటి లేబులు ఉండాలి. స్టైల్‌లో ఏది మార్చినా ముందు అది రన్ చేసి, వచ్చిన పీఎన్‌జీని ఒకసారి పిల్లో లైబ్రరీలో కన్వర్ట్ పిలిచి 'ఎల్' మోడ్‌లోకి, అంటే బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. గీతలు నాలుగూ విడివిడిగా తెలుస్తున్నాయంటే ఇక జిరాక్స్‌కి ఇచ్చేయొచ్చు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ అప్‌గ్రేడ్ చేసిన రోజున కూడా మొదట రన్ చేయాల్సింది ఈ స్క్రిప్టే.